తలుపు వేసిన గది

2025వ సంవత్సరంలో మాఘం ముగిసి ఫాల్గుణం ప్రవేశించే వేళ ఒక అరుదైన కలయిక సంభవించింది. ఫిబ్రవరి 26న మహాశివరాత్రి. మార్చి 2న మన దేశంలో రంజాన్ ఉపవాసాలకు ప్రారంభం. మార్చి 5న క్రైస్తవులకు భస్మ బుధవారం. ఎనిమిది దినాల వ్యవధిలో మూడు మతాలవారు తమ ఆకలిని భగవంతునికి సమర్పించారు. ఒకే వీధిలో ఒక ఇంట జాగరణ, ఒక ఇంట సహరీ, ఒక ఇంట నలభై దినాల శ్రమకాలపు తొలి ప్రార్థన. పంచాంగాలు, చంద్రమానాలు, గణితాలు వేరువేరు కావడం వల్ల ఏటా తిథులు ఇంత దగ్గరగా కుదరవు. కుదిరిన సంవత్సరంలోనైనా పక్క ఇంటి ఉపవాసం గురించి మనకు ఎంత తెలుసు అన్న ప్రశ్న వేసుకోవడం సముచితం.

ఆ ప్రశ్నకు రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం తగిన చోటు. హైదరాబాదు నుండి నాగార్జునసాగరానికి పోయే దారిలో, నగరానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ పట్టణపు పేరు, దాని పెద్ద చెరువు కూడా గోల్కొండను 1550 నుండి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్ షాను తలపింపజేస్తాయి. యౌవనంలో విజయనగరంలో ఏళ్ల తరబడి ఆశ్రయం పొందిన ఆ ప్రభువు తెలుగు కవిత్వపు రుచి ఎరిగినవాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. మన కవులు ఆయనను మల్కిభరాముడన్నారు. మహమ్మదీయ ప్రభువు పేరులో రాముణ్ణి చూచి మురిసిన నేల ఇది. పొరుగున మంచాల మండలంలో కార్తీకమాసాన ఆరుట్ల బుగ్గ రామలింగేశ్వరుని జాతరకు జనం తరలివస్తారు. ఈ ప్రాంతపు పల్లెల్లో గుడిగంట, మసీదు పిలుపు, ఆదివారపు చర్చి పాట ఒకే గాలిలో వినిపిస్తాయి.

వినిపించడం వేరు, తెలియడం వేరు. మహమ్మదీయ సోదరుల ఉపవాసం సంగతి మనకు కొంత తెలుసు. హలీం పుణ్యమా అని నగరమంతటికీ తెలుసు. క్రైస్తవుని సాధన మాత్రం మన కంట పడదు. డిసెంబరులో ఇంటి ముందు వెలిగే నక్షత్రం, ఆదివారం చేతిలో బైబిలుతో నడిచిపోయే కుటుంబం, పండుగనాడు వచ్చే కేకు ముక్క. వీటికి మించి మనం చూడం. చూడనిచోట అపోహ మొలుస్తుంది. వారికి నోములు లేవు, నియమాలు లేవు, వారంలో ఒక పూట పాటలు పాడి వస్తే సరిపోతుందన్న మాట భక్తి గల ఇళ్లలో కూడా వినబడుతూ ఉంటుంది. ఆ మాట నిజం కాదు.

నిష్ఠ గల తెలుగు క్రైస్తవ గృహం ఒకదాని దినచర్యను గమనించండి. తెల్లవారుజామున ఇల్లు నిద్రలేవకముందే ఒకరు లేచి వేదభాగం చదువుకుంటారు. వారు తమ గ్రంథాన్ని పరిశుద్ధ గ్రంథమనీ వేదమనీ కూడా అంటారు. ఆ పదం మన భాష వారికిచ్చినదే. సాయంకాలం దీపాలు పెట్టే వేళకు, లేదా రాత్రి భోజనానికి ముందు, కుటుంబ ప్రార్థన. ఒక కీర్తన, ఒక అధ్యాయం, ఆపై ఇంటిల్లిపాదీ మోకరించి పేరుపేరునా చేసే విజ్ఞాపన. అందులో జబ్బుపడ్డ బంధువు పేరుంటుంది, పరీక్ష రాసే పిల్లవాడి పేరుంటుంది, తరచుగా పక్కింటివారి పేరు కూడా ఉంటుంది. మన పేరు వారి ప్రార్థనలో ఎన్ని రాత్రులు పలికిందో మనకు తెలిసే అవకాశం లేదు.

ఇక శ్రమకాలం. భస్మ బుధవారం మొదలు ఈస్టరు ముందటి శనివారం దాకా లెక్కిస్తే 2025లో 46 దినాలు వచ్చాయి. నడుమ వచ్చే ఆరు ఆదివారాలూ పునరుత్థానాన్ని స్మరించే సంతోష దినాలు గనుక వాటిని మినహాయిస్తే నలభై. అరణ్యంలో యేసుప్రభువు నలభై దినాలు నిరాహారియై ఉన్నందుకు గుర్తు ఇది. కతోలికులు, మరికొన్ని సంఘాలవారు ముందటి ఏడాది మట్టల ఆదివారంనాడు పట్టుకున్న ఆకులను కాల్చి, ఆ బూడిదతో నుదుట సిలువ గుర్తు పెట్టించుకుంటారు. మట్టి నుండి వచ్చినవాడవు, మట్టిలోనే కలుస్తావన్న స్మృతి దాని భావం. వారం క్రితమే విభూతి ధరించిన శివభక్తునికి ఆ భావాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. బాప్తిస్టు మొదలైన అనేక సంఘాలలో బూడిద ఆచారం లేదు. అయినా ఆ దినాల్లో ఒక పూట భోజనం మానేవారు, మాంసం మానేవారు, ఇష్టమైన కాఫీనో టీవీనో విడిచేవారు అన్ని సంఘాల్లోనూ కనిపిస్తారు. శుభ శుక్రవారంనాడు మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు గంటల వరకు సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటలను ఒక్కొక్కటిగా ధ్యానిస్తారు. ఏప్రిల్ ఎండలో, ఉపవాసంతో, మూడు గంటలు కూర్చోవడం తేలిక కాదు. ఈస్టరు వేకువన కొన్ని ఊళ్లలో సమాధుల తోటకు వెళ్లి, గతించిన తమవారి చెంత నిలబడి ఉదయకాలపు పాట పాడతారు. మన పితృపక్షానికీ దీనికీ సిద్ధాంతంలో పోలిక లేదు. తల్లిని పోగొట్టుకున్న కొడుకు కంటి తడిలో పోలిక ఉంది.

ఈ సాధనలన్నిటికీ మూలమని చెప్పదగిన బోధ ఒకటి మత్తయి సువార్తలోని కొండమీది ప్రసంగంలో ఉంది. అది సిలువ గురించో స్వర్గం గురించో కాదు, ఒక గది గురించి. ప్రార్థన చేయదలచినవాడు వీధి మలుపుల్లో నలుగురూ చూసేటట్టు నిలబడక, తన గదిలోకి పోయి తలుపు వేసుకొని, రహస్యమందున్న తండ్రితో మాట్లాడాలని యేసుప్రభువు శిష్యులకు చెబుతాడు. దానం చేసేవాడు బూర ఊదించుకోకూడదు. కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియకూడదు. ఉపవాసమున్నవాడు ముఖం వాడ్చుకొని తిరగక, తల అంటుకొని, ముఖం కడుక్కొని, ఏమీ జరగనట్టు ఉండాలి. దానం, ప్రార్థన, ఉపవాసం మూడింటికీ ఆయన పెట్టిన నియమం ఒకటే: చూసేవాడు ఒక్కడే ఉండాలి.

ఇది మనకు పరాయి మాట కాదు. గుప్తదానానికి మన పెద్దలిచ్చిన స్థానం అందరికీ తెలిసినదే. జపాలలో పైకి వినబడే వాచికం కన్నా పెదవులు మాత్రమే కదిలే ఉపాంశువు, దానికన్నా మానసికం శ్రేష్ఠమని మన శాస్త్రాలు ఏనాడో నిర్ణయించాయి. విగ్రహం ముందు నటించే భక్తిని వేమన ఎంతగా ఎద్దేవా చేశాడో చెప్పనక్కరలేదు. అయినప్పటికీ ఆ తలుపు వేయడం మనకూ కష్టం, వారికీ కష్టం. గుడి పంకా రెక్క మీద కూడా దాత పేరు తిరుగుతూ ఉంటుంది. చర్చి బల్ల వెనుక, గడియారం కింద, వేదిక మెట్టు మీద సమర్పించినవారి పేర్లు చెక్కి ఉంటాయి. మైకుల సంగతి సరేసరి. భగవంతునికి చెవుడని మూడు మతాలవారూ ఏకాభిప్రాయానికి వచ్చినట్టుంది!

తలుపు వేయడం ఎందుకంత కష్టం? గదిలో చూసేవారుండరు, అందుచేత నటించనక్కరలేదు. నటన ఆగిన తరువాత మిగిలేది ఎంత అన్నది అప్పుడు బయటపడుతుంది. సభలో అరగంట అనర్గళంగా ప్రార్థించగలవాడు ఒంటరిగా రెండు నిమిషాలు దేవుని ఎదుట కూర్చోలేకపోవచ్చు. నలభై ఒక్క రోజుల దీక్షను నియమం తప్పక పూర్తిచేసినవాడు నలభై రెండో నాడు ఇంట్లో ఎలా మాట్లాడతాడన్నది భార్యకు తెలుస్తుంది. క్రైస్తవుడైనా హిందువైనా నిజాయితీ గల భక్తికి సాక్షులు ఆలయంలో ఉండరు. ఇంట్లో ఉంటారు, పని మనిషి రూపంలో ఉంటారు, అప్పు తీర్చవలసినవాని రూపంలో ఉంటారు.

వంటింటిని కూడా అలాంటి గదిగా మార్చుకున్న భక్తులు ఉన్నారు. పదిహేడవ శతాబ్దంలో ప్యారిస్ నగరంలోని ఒక మఠంలో లారెన్స్ అనే సోదరుడు ఉండేవాడు. పూర్వం సైనికుడు, కాలు దెబ్బతిన్నవాడు, పెద్ద చదువు లేనివాడు. ఆయనకు మఠంలో దొరికిన కొలువు వంటపని. తరువాత చెప్పులు కుట్టే పని. గిన్నెలు తోముతూ, రొట్టె తిరగేస్తూ, దైవం తన పక్కనే ఉన్నట్టు మాట్లాడుకుంటూ ఉండడమే ఆయన సాధన. ప్రార్థనకు వేరే వేళ, పనికి వేరే వేళ ఆయనకు లేకుండా పోయాయి. 1691లో ఆయన కన్నుమూసిన తరువాత ఆయన మాటలు, ఉత్తరాలు కలిపి వేసిన చిన్న పుస్తకం నేటికీ ప్రపంచమంతటా చదువుతున్నారు. మన ఇళ్లలో సక్కుబాయి కథ తెలియనివారెవరు? అత్తింటి చాకిరీలో నలిగిన ఆ భక్తురాలు పండరికి పోయినప్పుడు పాండురంగడే ఆమె రూపుదాల్చి ఇంటి పనులు చేశాడంటారు. లారెన్స్ ఇంటి పనిలోనే దేవుణ్ణి చూశాడు; సక్కుబాయి ఇంటి పనిలోకి దేవుడే వచ్చాడు. రెండు కథల్లోనూ అంట్లు తోమడం మాత్రం తప్పలేదు.

వంటింటి నుండే మరొక ఆచారం పుట్టింది. ఈశాన్యాన మిజో కొండల్లో క్రైస్తవ స్త్రీలు 1910 నుండి, పూటపూటా అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు వేరే కుండలో వేసి దేవుని పనికి ఇస్తూ వచ్చారు. డబ్బు లేని బీద స్త్రీ కూడా ఇవ్వగలిగిన కానుక అది. ఈ పిడికెడు బియ్యపు అలవాటు దక్షిణాది సంఘాల్లోనూ ఉంది. తెలుగు పల్లెల్లో కోతల పండుగనాడు కొత్త ధాన్యం, గుమ్మడికాయ, కోడిపుంజు కూడా దేవుని సన్నిధికి చేరతాయి. కంచి పరమాచార్యులు గృహిణులకు ఉపదేశించిన పిడికెడు బియ్యపు పథకం మన పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. పూటపూటా ఒక పిడికెడు బియ్యం, ఆలయ నైవేద్యానికీ అన్నదానానికీ. మిజో తల్లి, తెలుగు క్రైస్తవ తల్లి, కంచి స్వామి మాట విన్న మన అమ్మమ్మ ఒకరినొకరు ఎరుగరు. ముగ్గురి చేతి కొలత ఒక్కటే.

భక్తి ఒక నేలలో వేళ్లూనాలంటే ఆ నేల భాషలో ఏడవడం నేర్చుకోవాలి. తెలుగు క్రైస్తవానికి ఆ భాష నేర్పినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, 1890 వరకు జీవించిన ఆయన, యేసు ప్రభువును కీర్తించడానికి విదేశీ బాణీల కోసం వెదకలేదు. చిన్ననాట చెవిన పడిన రాగాలు, తాళాలు, పల్లవి అనుపల్లవుల పద్ధతి ఆయనకు చాలాయి. నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తనల తలపై రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. త్యాగరాజ స్వామి 1847 వరకు జీవించి ఉన్నాడు. అంటే ఈ ఇద్దరూ కొంతకాలం ఒకే సంగీత యుగంలో ఊపిరి పీల్చారు. ఒకరు రాముణ్ణి, ఒకరు క్రీస్తును పిలిచినా, పిలుపులోని దైన్యం తెలుగుదే.

గుఱ్ఱం జాషువా సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. 1895లో వినుకొండలో పుట్టిన ఆ మహాకవి క్రైస్తవ కుటుంబంలో పెరిగాడు. అంటరానితనపు అవమానాన్ని మన చేతుల్లోనే పుష్కలంగా చవిచూశాడు. అయినా గబ్బిలం కావ్యంలో, గుడి గడప తొక్కనివ్వని అభాగ్యుడు తన మొరను కాశీ విశ్వనాథునికి గబ్బిలంతో పంపుతాడు. మనుషులను ఆపిన పూజారి గబ్బిలాన్ని ఆపలేడు గదా! అదే కవి రచించిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. శివునికి మొర పంపిన చేతితోనే క్రీస్తు కథ రాసిన ఆ కవిని ఏ గడిలో పెట్టాలో తెలియక ఇరు పక్షాలవారూ కొంతకాలం తికమకపడ్డారు. గుడి తలుపు మనిషి ముఖం మీద మూసినప్పుడు, ఆ మనిషి మరొక తలుపు తడితే తప్పెవరిదన్న ప్రశ్నకు మన ఇళ్లలో ఇంకా నిజాయితీ గల సమాధానం చెప్పుకోలేదు.

మెదక్ మహాదేవాలయాన్ని చూసినవారు దాని ఎత్తును, రంగుటద్దాలను పొగుడుతారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ కట్టడపు పునాదిలో కరవు ఉంది. తిండి లేక అలమటిస్తున్న ప్రజలకు ఊరికే పెట్టే అన్నం కన్నా పనిచేసి తినే అన్నం గౌరవమని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆ నిర్మాణాన్ని చేపట్టాడంటారు. రాయి మోసినవారిలో అందరూ క్రైస్తవులేమీ కారు. ఇప్పటికీ క్రిస్మస్ నాడు అక్కడికి వెళ్లే జనంలో మన ఇళ్లవారు ఎందరో ఉంటారు.

భగవంతునికి చేరువ కావడమంటే మనస్సు ఎప్పుడూ ఆనందంతో తొణికిసలాడుతుందని అనుకునేవారికి ఒక విషయం చెప్పాలి. మదర్ థెరిసా 1997లో పరమపదించిన పదేళ్లకు, 2007లో, ఆమె తన ఆధ్యాత్మిక గురువులకు రాసుకున్న ఉత్తరాలు పుస్తకంగా వెలువడ్డాయి. లోకం నివ్వెరపోయింది. కలకత్తా వీధుల్లో రోగులను ఎత్తుకొని, వేకువనే లేచి ప్రార్థించి, చిరునవ్వుతో తిరిగిన ఆ తల్లికి దశాబ్దాల తరబడి లోపల చీకటే. పిలిచినా పలకని దేవుడు. ఆయన ఉన్నాడా అన్న సందేహం దాకా తాకిన శూన్యం. కొందరు విమర్శకులు దీనిని కపటమన్నారు. భక్తి శాస్త్రం తెలిసినవారెవరూ అలా అనరు. మన సంప్రదాయంలో విరహభక్తికున్న స్థానాన్ని తలచుకోండి. కృష్ణుడు మథురకు వెళ్లిన తరువాత గోపికల ప్రేమ తగ్గిందా? ఉద్ధవుడంతటి జ్ఞాని వారిని ఓదార్చబోయి, తానే వారి పాదధూళి కోరుకున్నాడు. ఫలం దక్కక, పలకరింపు దక్కక, అనుభూతి కూడా దక్కక, అయినా తెల్లవారి లేచి అదే రోగి పుండు కడగడానికి వెళ్లడం అన్నది తలుపు వేసిన గదిలో జరిగే తపస్సులన్నిటిలోకీ కఠినమైనది. ఆ ఉత్తరాలను నాశనం చేయమని ఆమె కోరిందట. గది తలుపు తన మరణం తరువాత కూడా మూసే ఉండాలని ఆమె ఉద్దేశం కాబోలు. 2016లో ఆమె చర్చి వారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

ఇంతవరకు పోలికలు చెప్పుకొచ్చాం. పోలికలతోనే ముగిస్తే అది మర్యాద మాత్రమే అవుతుంది. తేడాలున్నాయి, పెద్దవే ఉన్నాయి. అన్ని నదులూ ఒకే సముద్రంలో కలుస్తాయని మనం ఆప్యాయంగా అంటే, నిష్ఠ గల క్రైస్తవుడు ఒప్పుకోడు. క్రీస్తు ఒక్కడే మార్గమని అతని విశ్వాసం. పునర్జన్మను అతడు అంగీకరించడు. కర్మఫలం కన్నా ఉచితంగా లభించే కృపను నమ్ముతాడు. ఈ విశ్వాసాన్ని మన అద్వైతంలో బలవంతంగా కలిపేసుకోవడం ఔదార్యంగా కనిపించినా, అందులో అతని మాట వినకపోవడం ఉంది. అతణ్ణి అతని మాటల్లోనే విని, ఒప్పుకోకపోయినా గౌరవించడం అంతకన్నా పెద్ద మనసు పని.

మతమార్పిడి ప్రస్తావన ఇక్కడ తప్పదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ క్రైస్తవ మహాసభలో, అప్పటికే దోర్నకల్లు ప్రాంతంలో సేవ చేస్తున్న వి.ఎస్. అజరయ్య లేచి, తెల్లదొరలైన మిషనరీల ముఖం మీదనే, మీరు మాకు ఎన్నో ఇచ్చారు గాని స్నేహితులను ఇవ్వలేదు, స్నేహితులను ఇవ్వండి అన్న భావం వచ్చేటట్టు మాట్లాడాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. దోర్నకల్లులో ఆయన కట్టించిన దేవాలయం 1939లో ప్రతిష్ఠితమైంది. దాని స్తంభాల్లో గుడి మండపం, గుమ్మటాల్లో మసీదు కనిపిస్తాయి. బీద, అంటరాని కులాలవారు సంఘంలో చేరే విషయమై గాంధీ మహాత్మునికీ ఆయనకూ 1930లలో తీవ్రమైన అభిప్రాయభేదం కలిగింది. మనకు గాంధీజీ పక్షం సహజంగా దగ్గర. అయినా అజరయ్య గురించి ఒక సంగతి మరువరాదు. 1932 నాటి కమ్యూనల్ అవార్డులో క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గాలు దక్కితే ఆయన వాటిని వ్యతిరేకించాడు. సంఘం ఓట్ల లెక్కకు పనికివచ్చే ఒక వర్గంగా మారితే దాని ఆత్మ పోతుందని ఆయన భయం. విశ్వాసాన్ని తలకాయలతో లెక్కించవద్దన్న ఆ మాట నేడు ఏ మతంవారు వింటున్నారు?

మన రాజ్యాంగం 25వ అధికరణంలో అంతరాత్మ స్వేచ్ఛను, మతాన్ని ఆచరించి ప్రచారం చేసే హక్కును ఇచ్చింది. ప్రచారం చేసే హక్కులో మరొకరిని మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం సంగతి అది. ధర్మం సంగతి వస్తే, కష్టంలో ఉన్నవాని ఆకలిని చూపి మతం మార్చబోవడం, పక్కవాని దేవుణ్ణి వేదిక మీద దూషించడం తప్పు. అలా చేసేవాడు తన ప్రభువు చెప్పిన గదికే తలుపు వేయలేదు. అదేవిధంగా, ఎదిగిన మనిషి తన అంతరాత్మ చెప్పినట్టు ప్రార్థించుకుంటూంటే ఇంటి మీదికి గుంపుగా పోవడం కూడా తప్పే. దేవుని పేర భయపెట్టేవానికి దేవుని మీద నమ్మకం తక్కువ.

ఈ పెద్ద మాటలన్నీ చివరికి చిన్న విషయం దగ్గర తేలుతాయి: ప్రసాదం. సత్యనారాయణ వ్రతం చేసుకొని, ఆప్యాయంగా పక్కింటికి ప్రసాదం పంపుతాం. నిష్ఠ గల క్రైస్తవ ఇల్లాలు తీసుకోవడానికి తటపటాయిస్తుంది. మనకు చివుక్కుమంటుంది. అవమానించిందని అనుకుంటాం. ఆ తటపటాయింపు వెనుక దాదాపు రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. గ్రీకు దేశంలోని కొరింథు నగరపు క్రైస్తవులకు సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. విగ్రహాలకు అర్పించిన ఆహారం తినవచ్చునా, కూడదా అని వారు పౌలును అడిగారు. ఆయన ఇచ్చిన జవాబు మొదటి కొరింథీ పత్రికలో ఉంది. తింటే ఒరిగేదీ తినకపోతే తరిగేదీ లేదని ఒకచోట అంటూనే, దాన్ని చూసి మరొక విశ్వాసి మనస్సు కలవరపడేటట్టయితే మానుకోవడమే మేలన్నాడు. మరొకచోట ఇంకా గట్టిగా, రెండు బల్లల వద్ద పాలు పంచుకోవద్దన్నాడు. నేటికీ క్రైస్తవులలో కొందరు మొదటి మాటను, కొందరు రెండవ మాటను అనుసరిస్తారు. కనుక ఒక ఇంట ప్రసాదం తీసుకుంటారు, ఒక ఇంట తీసుకోరు. వ్రతనిష్ఠ గురించి మనకెవరూ చెప్పనక్కరలేదు. అయ్యప్ప దీక్షలో ఉన్న మన అబ్బాయి మేనమామ ఇంట్లో కూడా మంచినీళ్లు ముట్టకపోతే మేనమామ నొచ్చుకోడు, పైగా మెచ్చుకుంటాడు. పక్కింటి ఆమెదీ ఒక దీక్షే, జీవితకాలపు దీక్ష.

తీసుకోనివారూ ఒక మాట ఆలోచించాలి. అదే పత్రికలో పౌలు తెలివి మనిషిని ఉబ్బిస్తుందనీ, కట్టి నిలబెట్టేది ప్రేమేననీ హెచ్చరించాడు. వద్దనడానికి ముఖం తిప్పుకోనవసరం లేదు. చేతులు జోడించి, అక్కా, మా ఇంటి నియమం ఇది, నీ అభిమానం నాకు ముట్టిందని చెప్పి, లోపలికి పిలిచి కూర్చోబెట్టవచ్చు. పిల్లల చేత ప్రసాదాన్ని చెత్తబుట్టలో వేయించేవారు తమ విశ్వాసాన్ని ఎవరికీ సాక్ష్యం ఇచ్చినవారు కారు.

ఈ చిక్కును పండితులకన్నా మన ఇల్లాళ్లే తేలికగా విప్పుకున్నారు. పండుగనాడు నైవేద్యానికి వండే పులిహోరలో ముందే తీయరాదు గనుక, పక్కింటివారి కోసమని వేరే గిన్నెలో, వేరే పొయ్యి మీద, దేవునికి చూపని మరొక పులిహోర కలిపి పంపేవారున్నారు. పంపుతూ, వదినా, ఇది దేవుడికి పెట్టనిదే, భయపడకుండా తినండని చెబుతారు. క్రిస్మస్ ఎప్పుడూ ధనుర్మాసంలోనే వస్తుంది. తిరుప్పావై చదువుకొనే ఇంట ఆ నెలంతా గుడ్డు ముట్టరని ఎరిగిన క్రైస్తవ గృహిణి, ఆ ఇంటికి మాత్రం గుడ్డు లేని కేకు వేరుగా చేయించి, పైన కొత్త రుమాలు కప్పి, పిల్లవానిచేత పంపుతుంది.